కోనసీమ పెరట్లో బకెట్ లైట్ ట్రాప్: కొనొచ్చా, వద్దా?

రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుల్ని, ముఖ్యంగా మాత్‌లని (సీతాకోకచిలుకల్లాంటి రాత్రి పురుగులు), పట్టి, ఫొటో తీసి, లెక్క రాసుకుని, తెల్లారాక బతికుండగానే వదిలేయడానికి పనికొచ్చే బకెట్ లైట్ ట్రాప్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఈ దాళ్వా (రెండో పంట కాలం) అంతా వాడాను. కొనొచ్చా అని అడుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. మీ చుట్టూ చీకట్లో ఏమేం తిరుగుతున్నాయో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే కొనండి, కాకపోతే దాంతో వచ్చే దీపం మార్చుకోవాల్సి వస్తుందని తెలిసే కొనండి. పురుగుల్ని చంపి చేను కాపాడుకుందామని కొంటే మాత్రం డబ్బులు దండగ, అది వేరే వస్తువు, దాని సంగతి కింద చెప్తాను.

మా ఊరు అమలాపురానికి దగ్గరే. ఇంటి వెనక కొబ్బరి తోట, అందులో అరటి, కోకో. తోట దాటితే బోదె (చిన్న కాలువ), బోదె అవతల వరి చేలు. ఇంటి ముందు మామూలు పెరటి మొక్కలే, నందివర్ధనం, గన్నేరు, దొండ పాదు, నాలుగు వంగ మొక్కలు. ఈ చోటు సంగతి ఎందుకు చెప్తున్నానంటే ట్రాప్‌లో ఏం పడుతుందన్నది సగం దీపం మీద, సగం చుట్టూ ఏం పెరుగుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇదే ట్రాప్ మారేడుమిల్లి అడవిలో పెడితే పూర్తిగా వేరే లోకం కనిపిస్తుంది.

కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే వస్తువుని స్టిక్కర్ మార్చి మూడు నాలుగు పేర్లతో అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే మీకే తెలిసిపోతుంది. పెట్టెలో వచ్చేవి: మడతపెట్టుకునే గుడ్డ బకెట్, పైన పెట్టే ప్లాస్టిక్ గరాటు, గరాటు మీద నిలబెట్టే మూడు పారదర్శక పలకలు, వాటి మధ్యలో ఎల్‌ఈడీ దీపం, వాన పడకుండా చిన్న మూత, ఒక బ్యాటరీ, వైరు. కోడిగుడ్ల అట్టలు ఇవ్వరు, అవి మనమే వేసుకోవాలి, అవి లేకపోతే ఈ ట్రాప్‌కి అర్థమే లేదు. పురుగు గరాటులోంచి కిందికి జారాక దాక్కోవడానికి మూల వెతుక్కుంటుంది. అట్టల గుంటల్లో దూరి రెక్కలు ముడుచుకుంటే తెల్లారేదాకా కదలకుండా కూర్చుంటుంది. అట్టలు లేని బకెట్‌లో రాత్రంతా కొట్టుకుని కొట్టుకుని రెక్కల మీది పొడి మొత్తం రాల్చేసుకుంటుంది, పొద్దున్న చూస్తే ఏ పురుగో పోల్చుకోలేం.

ఆ పలకలు ఎందుకని మొదట అనిపిస్తుంది. దీపం దగ్గరికొచ్చిన పురుగు నేరుగా వచ్చి దీపం మీద వాలదు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దీనికి కారణం ఏమిటో 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో బాగా చూపించారు. యష్ సోంధీ, శామ్యూల్ ఫేబియన్, వాళ్ళ తోటివాళ్ళు హైస్పీడ్ కెమెరాలతో తీసి చూశారు. రాత్రి ఎగిరే పురుగు తన వీపుని వెలుతురు వైపుకి ఉంచుకుని ఎగురుతుంది, మామూలుగా ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి అలా చేస్తే తిన్నగా పోతుంది. పక్కన దీపం ఉంటే వీపు దాని వైపుకి తిప్పబోయి ఒరిగిపోతూ, దాని చుట్టూనే చిక్కుకుపోతుంది. అంటే దాన్ని దీపం పిలుస్తున్నట్టు కాదు, దారి తప్పిస్తున్నట్టు. ఇది చదివాక నాకు ట్రాప్‌ని రాత్రంతా వెలిగించడం మీద మనసు మారింది, ఇప్పుడు అర్ధరాత్రి దాటాక ఆపేస్తున్నా. పలకలకి తగిలిన పురుగు జారి గరాటులో పడుతుంది, అంతే దాని పని. ఈ ట్రాప్‌లో పలకలు పల్చటి అక్రిలిక్‌వి, గీతలు త్వరగా పడతాయి కానీ పని మాత్రం బాగానే చేస్తున్నాయి.

ఇక దీపం. ఇదే ఈ వస్తువులో పెద్ద లోపం. పెట్టె మీద 365 నానోమీటర్లు అని ముద్రించారు (అది వెలుతురు తరంగ పొడవు, 365 అంటే మన కంటికి కనపడని అతినీలలోహిత, అంటే యూవీ వెలుతురు). వెలిగిస్తే పెరడంతా ఊదారంగు పరుచుకుంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ అంత ఊదా కనిపిస్తోందంటేనే అది 365 కాదని అనుమానించాలి. నిజమైన 365 దీపం మన కంటికి చాలా మసగ్గా, పాలిపోయినట్టు కనిపిస్తుంది, దాని వెలుతురులో ఎక్కువ భాగం మనకి కనపడదు, పురుగులకి కనపడుతుంది. చవకగా దొరికే ఊదా దీపాలు ఎక్కువగా 395 నుంచి 405 మధ్యలో ఉంటాయి. ఇంట్లో పరీక్షించుకోవడానికి చిన్న ఉపాయం: చీకటి గదిలో 500 నోటుని దీపం ముందు పెట్టండి, నెంబర్లు ముద్రించిన చోటు, కాగితంలో అక్కడక్కడా ఉన్న సన్నటి పోగులు వెలగాలి. 365 దీపం కింద నోటు చీకటిగా ఉండి అవి మాత్రమే స్పష్టంగా మెరుస్తాయి. దీంతో వచ్చిన దీపం కింద నోటు మొత్తం ఊదాగా నిండిపోయి అంకెలు ఆ రంగులో కలిసిపోయాయి. ఆ దీపానికి పురుగులు రావా అంటే వస్తాయి, రాకుండా పోవు. కానీ నేను విడిగా 365 దీపం కొని అదే బకెట్ మీద పెట్టాక వచ్చిన రకాల్లో తేడా స్పష్టంగా కనిపించింది, ముఖ్యంగా చిన్న చిన్న తెల్ల రెక్కలవి ఎక్కువయ్యాయి. ఒక జాగ్రత్త: ఏ దీపమైనా దగ్గర్నుంచి నేరుగా చూడొద్దు. కనపడని వెలుతురు కదా, కన్ను మూసుకోవాలని తోచదు, ఆ లోపు కంటికి జరగాల్సింది జరిగిపోతుంది. యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

బ్యాటరీ గురించి ఎక్కువ రాయను. మొదట్లో బాగానే వచ్చింది, తర్వాత రాత్రి భోజనాలు అయ్యేసరికే దీపం నీరసించిపోవడం మొదలైంది. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే వీడియో పంపమన్నారు, పంపాక ఇంకో వీడియో పంపమన్నారు, ఆ తర్వాత జవాబు లేదు. దానికి పరిష్కారం మీ ఇంట్లోనే ఉంది, మామూలు పవర్ బ్యాంక్. 10,000 ఎంఏహెచ్‌ది అయితే లోపలి సెల్ 3.7 వోల్టులు కాబట్టి 37 వాట్-అవర్లు, అందులో వృథా పోగా 30 అనుకోండి, 5 వాట్ల దీపం ఆరు గంటలు వెలుగుతుంది. సాయంత్రం ఏడింటికి వేస్తే అర్ధరాత్రి దాకా సరిపోతుంది. మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి ఇది ప్లగ్ దీపాలకంటే నయం, చేను గట్టు మీద కూడా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఏం పడతాయి అన్నది. వసంతంలో పెట్టాలంటే ఉగాది ముందు రోజు రాత్రిని మించింది లేదు. కొత్త అమావాస్య కదా, చంద్రుడు ఉండడు, గాలిలో తేమ ఉంటుంది, చలి పోయి ఉంటుంది, వేసవి ఎండకి ఇంకా ఏదీ మాడిపోలేదు. హోలీ పున్నమికి పెట్టిన రాత్రుల్లో బకెట్ దాదాపు ఖాళీ, వెన్నెల్లో దీపానికి బలం తగ్గిపోతుంది. అదే దీపం, అదే చోటు, రెండు వారాల తర్వాత అమావాస్యకి పెడితే గుడ్ల అట్టల మీద చోటు చాలలేదు. గాలి కూడా చూసుకోవాలి. సాయంత్రం పైరగాలి గట్టిగా కొడుతుంటే చిన్న పురుగులు ఎగరవు, ఇంటికి గానీ గడ్డిమేటుకి గానీ గాలి తగలని పక్కన పెట్టుకుంటే నయం.

మొదట వచ్చేవి చిన్నవి. దొండ పాదు పక్కన పెట్టాను కాబట్టి దాని మీద బతికేది ముందు వచ్చింది, డయఫానియా ఇండికా. ముత్యంలా తెల్లగా, వెనక నుంచి వెలుతురు పడితే పారదర్శకంగా కనిపించే రెక్కలు, అంచంతా ముదురు గోధుమ రంగు పట్టీ. తోక చివర వెంట్రుకల కుచ్చు ఉంటుంది, వాలి కూర్చున్నాక ఆ కుచ్చుని విప్పి అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. దాన్ని ఫోన్ కెమెరాతో దగ్గరగా తీస్తే కుచ్చులో ఒక్కో పోగు విడివిడిగా కనిపించింది. దొండ, దోస పెంచేవాళ్ళు దీని పచ్చ గొంగళిని ఆకుల్లో చూసే ఉంటారు, తల్లిని (రెక్కలొచ్చిన పురుగుని) మాత్రం ఎవరూ చూసి ఉండరు. వంగ మొక్కల నుంచి వచ్చేది వంకాయ కొమ్మ, కాయ తొలిచే పురుగు తల్లి, అది కూడా తెల్లటిదే, రెక్కల మీద గులాబీ కలిసిన గోధుమ రంగు మచ్చలు. కూర తరిగేటప్పుడు వంకాయలో పురుగు కనిపిస్తే ఛీ అని పారేస్తాం కదా, దాని తల్లి ఇంత అందంగా ఉంటుందని నేను ఈ ట్రాప్ కొనేదాకా ఎరగను.

చీకటి బాగా ముదిరాక క్రియాటోనోటస్ గాంగిస్ వస్తుంది. లేత గోధుమ రంగు ముందు రెక్కల మధ్య పొడుగ్గా నల్ల చార, రెక్క ఎత్తితే కింద ఎర్రటి పొట్ట, దాని మీద నల్ల చుక్కల వరస. ఇది చాలా మామూలు పురుగు, మీ వరండా బల్బు దగ్గర కూడా చూసే ఉంటారు. మగదానికి పొట్ట చివర్లో నాలుగు గొట్టాలుంటాయి, ఆడదాన్ని పిలవడానికి వాటిని గాలితో ఉబ్బించి బయటికి చాపుతుంది, వెంట్రుకలతో నిండి ఒంటికంటే పొడుగ్గా కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళు జడుసుకుంటారు. ఆ గొట్టాలు ఎంత పెద్దవి అవుతాయన్నది గొంగళిగా ఉన్నప్పుడు ఏ మొక్కలు తిన్నదన్న దాని మీద ఉంటుంది, కొన్ని మొక్కల్లోని ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలు దాని ఒంట్లో చేరితేనే అవి పూర్తిగా పెరుగుతాయి.

ఇక నందివర్ధనం, గన్నేరు ఉన్న ఇంట్లో ట్రాప్ పెడితే ఎప్పుడో ఒకప్పుడు డాఫ్నిస్ నీరై వస్తుంది. ఆకుపచ్చలో లేత గులాబీ, తెలుపు చారలు కలిసి పాలరాతి నేలలా ఉంటుంది. పెద్దది, గరాటులోకి దిగదు, బకెట్ మూత మీదో పక్క గోడ మీదో వాలుతుంది. దాన్ని ఎగరగొట్టకండి, వేలు మెల్లగా ముందు కాళ్ళ కింద పెడితే ఎక్కి కూర్చుంటుంది. ఎగరాలనుకున్నప్పుడు వెంటనే ఎగరదు, ముందు రెక్కల్ని సన్నగా వణికిస్తుంది, ఆ వణుకుతో ఛాతీ కండరాలు వేడెక్కాకే లేస్తుంది. చేతి మీద కూర్చుని అలా వణుకుతుంటే ఆ కదలిక అరచేతికి తెలుస్తుంది. మా వీధిలో చిన్నపిల్లలు దాన్ని చూడ్డానికి నిద్ర మానుకుని కూర్చున్నారు. ఆ ఒక్క రాత్రికే ఈ బకెట్ మీద పెట్టిన డబ్బు నాకు దక్కిందనిపించింది.

చేల వైపు గట్టు మీద పెట్టినప్పుడు లెక్క మారిపోతుంది. అక్కడ వరిదే రాజ్యం. కాండం తొలిచే పురుగు తల్లి గడ్డి రంగు పసుపులో ఉంటుంది, ఒక్కో ముందు రెక్క మధ్యలో ఒకే ఒక్క నల్ల చుక్క, పొట్ట చివర పాలిపోయిన వెంట్రుకల కుచ్చు. ఆ కుచ్చు ఊరికే లేదు, ఆకు కొన దగ్గర గుడ్లు పెట్టాక ఆ వెంట్రుకలతోనే వాటిని కప్పేస్తుంది. మగది చిన్నది, బూడిద గోధుమ రంగు, చుక్క సరిగా కనపడదు, అందుకే చాలామంది దాన్ని వేరే పురుగు అనుకుంటారు. ఆకుముడత తల్లి బంగారు రంగులో ఉండి రెక్కల మీద వంకర గీతలతో, ముదురు అంచుతో ఉంటుంది. ఇవి కాక వరి రసం పీల్చే పచ్చదీపపు పురుగులు వందల్లో, సుడిదోమ సరేసరి. పక్క చేను మావయ్య పొద్దున్నే కాలువకి పోతూ ఆగి బకెట్లోకి తొంగి చూశారు.

“ఇదేగా గింజ పట్టకుండా తెల్లకంకి తెచ్చేది? ఇన్ని పడ్డాయంటే మందు కొట్టేయాలన్నమాటే కదమ్మాయ్?”

“ఇక్కడ పడ్డ లెక్క చూసి కొట్టకండి మావయ్యా, ఇది నాలుగు చేల నుంచి లాక్కొచ్చి ఉంటుంది. చేలో దిగి చూడండి, చదరపు మీటరుకి ఒక తల్లి పురుగో ఒక గుడ్ల ముద్దో కనిపిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.”

“మాది గింజ గట్టిపడిపోయిందిలే.”

“అయితే ఇంకెందుకండీ, తెల్లకంకి వచ్చేశాక ఎంత కొట్టినా ఆ కంకి తిరిగి రాదుగా.”

ఆయన ఆ రోజు మందు కొట్టలేదు. ఈ ట్రాప్ రైతుకి ఏమైనా పనికొస్తుందంటే ఇలాగే పనికొస్తుంది, ఏ పురుగు ఎప్పుడు లేస్తోందో ముందుగా చెప్పడానికి. మార్టేరు వరి పరిశోధన స్థానం లాంటి చోట్ల దీపపు ఎరల్లో పడ్డ పురుగుల లెక్కలు రాయడం ఎప్పటినుంచో జరుగుతున్న పనే.

ఎరువుల కొట్లలో అమ్మే సోలార్ దీపపు ఎరలు చాలామంది చూసి ఉంటారు, కర్రకి కట్టి చేలో పాతుతారు, చీకటి పడగానే దానంతటదే వెలిగి కొన్ని గంటలకి ఆరిపోతుంది, కింద పళ్ళెంలో సబ్బునీళ్ళో కిరసనాయిలో పోస్తారు. బ్యాటరీ, ప్యానెల్ విషయంలో అది దీనికంటే గట్టిది, ఒప్పుకోవాలి. కానీ అందులో పడిందల్లా చస్తుంది, మంచి పురుగా చెడ్డ పురుగా అన్న విచక్షణ లేదు. చేనుకి చెడు చేసే దోమ ఎంత చచ్చిందో, ఆ దోమని తినే పెంకు పురుగు అంతే చచ్చి తేలుతుంది. తడిసి ముద్దైన పురుగుని గుర్తుపట్టడం కూడా కుదరదు. మీకు ఇప్పటికే అది ఉంటే పారేయక్కర్లేదు, పళ్ళెం తీసేసి కింద గుడ్ల అట్టలు వేసిన బకెట్ కట్టండి, దాదాపు ఈ ట్రాపే తయారవుతుంది. ఒక్క రకం మగ పురుగులే కావాలంటే లింగాకర్షక బుట్టలున్నాయి, వాటికి దీపమే అక్కర్లేదు.

గరాటు విషయంలో నాకున్న ఫిర్యాదు దాని నోరు. మరీ వెడల్పు. డెల్టాలో ఎటు చూసినా నీళ్ళే కాబట్టి నీటి పెంకు పురుగులు బరువుగా వచ్చి దబదబా పడతాయి, లోపలికి దిగాక అట్టలన్నీ కుమ్మేసి చిన్న మాత్‌ల రెక్కలు చింపేస్తాయి. కొబ్బరి తోట పక్కన కొమ్ము పురుగు కూడా వస్తుంది. నేను గరాటు నోటికి అడ్డంగా సన్న తీగ రెండు వరసలు కట్టాను, వేలు దూరేంత సందు ఉంచి. పెద్ద పెంకు పురుగులు ఆగిపోతున్నాయి, మాత్‌లు దూరుతున్నాయి. తయారుచేసేవాళ్ళు ఆ జల్లెడ ముందే ఇస్తే ఎంత బాగుండేదో. కొమ్ము పురుగు దొరికితే మాత్రం వదలను, లెక్కలో రాసి సబ్బునీళ్ళలో వేస్తాను, కొబ్బరి మొవ్వు తొలిచేదాన్ని నా చేత్తో తోటలోకి పంపలేను.

దీనికంటే ముఖ్యమైన మాట ఒకటుంది, ట్రాప్‌తో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. వరి చేల దగ్గర దీపం పెడితే పెడెరస్ పురుగు తప్పకుండా వస్తుంది. చీమలా సన్నగా పొడుగ్గా, సెంటీమీటరు కూడా ఉండదు, నారింజ నలుపు పట్టీలు, నడుం మీద నీలంగా మెరిసే చిన్న రెక్క పెంకు. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనం చేత్తో రుద్దేస్తాం చూశారా, అప్పుడు దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుని ఒకటి రెండు రోజుల తర్వాత కాలినట్టు బొబ్బలు లేస్తాయి. కంటి దగ్గర అంటితే మరీ ప్రమాదం. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, అది వాలితే నోటితో ఊదేయండి, నలిపేస్తే వెంటనే సబ్బుతో కడుక్కోండి. చంపడానికి వెంటపడకండి, చేలో సుడిదోమని తినేవాటిలో అదీ ఒకటి.

పొద్దున పని త్వరగా ముగించాలి. ఈ నెలల్లో మా దగ్గర మంచు బాగా కురుస్తుంది, గుడ్డ బకెట్ అడుగున తడి చేరుతుంది, నేను అడుగున చిన్న బెజ్జాలు పెట్టి లోపల పాత నూలుగుడ్డ పరిచాను. చీమలు ఎక్కకుండా బకెట్‌ని నీళ్ళు పోసిన పళ్ళెంలో ఇటుక మీద పెట్టాలి. ఎండ పడేలోపు ఒక్కో అట్టా తీసి ఫొటోలు తీసుకుని, గుబురు మొక్కల నీడలో వదిలేయాలి. ఆలస్యం చేస్తే పసులపోలిగాడు తీగ మీదికొచ్చి కూర్చుంటాడు, మనం వదిలినదాన్ని వదిలినట్టే గాల్లో పట్టేస్తాడు. ఒకే చోట వరసగా రోజూ పెట్టకండి, ఆ పురుగులకి గుడ్లు పెట్టుకోవడానికి రాత్రులు మిగలాలి.

రాసుకోవడం గురించి. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు రకాలైతే మాత్‌లు 10 వేలకు పైనే, అందులో మన డెల్టాలో ఎన్ని ఉన్నాయో కూర్చుని లెక్కపెట్టిన పెరళ్ళు చాలా తక్కువ. తేదీ, చోటు, దీపం వెలిగించిన సమయం, ఆపిన సమయం, చంద్రుడు, గాలి, మబ్బు, ఏ దీపం వాడారు, ఇవి ప్రతిసారీ రాయండి. ఏమీ పడని రాత్రి కూడా రాయండి, అది కూడా లెక్కే. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1933లో సి.బి. విలియమ్స్ మొదలుపెట్టిన లైట్ ట్రాప్ పని తర్వాత దేశమంతా వ్యాపించింది, ఇప్పటికీ ఆ ట్రాపుల్లో అదే 200 వాట్ల మామూలు బల్బే వాడతారు. అంతకంటే మంచి దీపాలు లేక కాదు, దీపం మారిస్తే పాత లెక్కకీ కొత్త లెక్కకీ పొంతన ఉండదని. ఆ లెక్కల వల్లే అక్కడ 1968 నుంచి 2017 దాకా పెద్ద మాత్‌ల సంఖ్య 33 శాతం పడిపోయిందని తెలిసింది. మన దగ్గర అలాంటి మాట చెప్పాలంటే ఎవరో ఒకరు ఇప్పుడు రాయడం మొదలుపెట్టాలి. అందుకే దీపం మార్చుకోవాలనుకుంటే మొదట్లోనే మార్చుకోండి, మధ్యలో వద్దు.

పేర్లకి ఐనాచురలిస్ట్ యాప్ వాడుతున్నా, మాత్స్ ఆఫ్ ఇండియా సైట్‌లో ఫొటోలతో పోల్చుకుంటున్నా. యాప్ సూచించే పేరుని అలాగే ఒప్పేసుకోవద్దు, ఒక్కోసారి మన ఖండంలోనే లేని పురుగు పేరు చెప్తుంది. రెక్కలు పరిచిన ఫొటో, పక్క నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీస్తే తెలిసినవాళ్ళు సరిచేస్తారు. కొన్ని జాతుల్ని కోసి మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప తేల్చలేరు, అలాంటప్పుడు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దగ్గర ఆగిపోవడమే నిజాయితీ. ఇంకో సంగతి, పండ్ల రసం పీల్చే యూడోసిమా లాంటి పెద్దవి దీపానికి అంతగా రావు. వాటి పిల్లలు తిప్పతీగ మీద పెరుగుతాయి, మా కంచె నిండా తిప్పతీగే, అయినా బకెట్ దగ్గర కనపడలేదు. మగ్గిన అరటిపండులో బెల్లం కలిపి చెట్టు మానుకి పూస్తే అలాంటివి వస్తాయి. అంటే ఈ ట్రాప్ చెప్పేది దీపానికి వచ్చేవాటి లెక్క మాత్రమే.

పెట్టే చోటు ఎంచుకునేటప్పుడు రొయ్యల చెరువులు చూసుకోండి. చెరువు గట్ల మీద రాత్రంతా వెలిగే పెద్ద లైట్లు కనిపించే దూరంలో ఈ చిన్న దీపం నిలవదు, ఏ కొబ్బరి తోటో అడ్డం ఉండాలి. కోరింగ మడ అడవుల్లో పెట్టాలని చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది, కానీ అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా దీపం, ట్రాప్ తీసుకెళ్ళకూడదు. కడియం నర్సరీల పక్కన ఇల్లున్నవాళ్ళు మాత్రం అదృష్టవంతులు, అన్ని రకాల మొక్కలు ఒక్క చోట ఉన్న ఊరు ఇంకెక్కడ ఉంటుంది, అక్కడ ఎవరైనా పెడితే ఏం వస్తాయో చూడాలని ఉంది.

ధర మూడు వేలకి కాస్త అటూ ఇటూ, విడిగా కొన్న దీపానికి ఇంకో వెయ్యి దాకా అయ్యింది. అంత పెట్టలేకపోతే రెండు కర్రల మధ్య తెల్ల పంచె కట్టి ముందు దీపం పెట్టండి, పురుగులొచ్చి గుడ్డ మీద వాలతాయి. చూడ్డానికి, పిల్లలకి చూపించడానికి అదే బాగుంటుంది కూడా. కాకపోతే రాత్రంతా మనం పక్కన కూర్చోవాలి, లేచి వెళ్తే బల్లులు, కప్పలు ఖాళీ చేసేస్తాయి. బకెట్ సుఖం అక్కడే ఉంది, పెట్టేసి పడుకోవచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను: బకెట్‌కి, పలకలకి మంచి మార్కులు, దీపానికి, బ్యాటరీకి, అమ్మిన తర్వాత పట్టించుకోని తీరుకి కోత. కొనేముందు అమ్మేవాళ్ళని రెండే అడగండి, దీపం ఒక్కటీ విడిగా మార్చుకోవచ్చా, వైరు యూఎస్‌బీదేనా. రెంటికీ అవునంటేనే తీసుకోండి. వాన మూత చాలా చిన్నది, సార్వాలో ఎలా ఉంటుందో వానలు మొదలయ్యాక చూసి ఇక్కడే రాస్తాను. ఈలోపు నర్సాపురం, భీమవరం వైపు, లంక గ్రామాల్లో ఎవరైనా ఇలాంటిది వాడుతుంటే ఏ దీపమో, అమావాస్య రాత్రి ఏమేం వచ్చాయో రాయండి, ఒకే రాత్రి రెండు మూడు చోట్ల పెట్టి పోల్చి చూద్దాం.